పదికి తొమ్మిది

ఇల్లు, ముందు గది

అమ్మడూ,

నాన్న నిండు దీవెనలు. ముందు కుర్చీ లాక్కుని కూర్చో. నిలబడి చదివే ఉత్తరం కాదిది.

మీ అమ్మకు మాటలు అర్థమవుతున్నాయి.

ఇంకోసారి రాస్తాను, రాస్తుంటేనే చేతికి హాయిగా ఉంది. మీ అమ్మకు మాటలు అర్థమవుతున్నాయి. మెదడులో రక్తం గడ్డకట్టి కుడి చెయ్యి పడిపోయిన నాటి నుంచి మనం ఏం మాట్లాడినా తెలియని భాష విన్నట్టు చూసేది కదా. అన్నం అన్నా, నిద్ర అన్నా ఒకటే. ఇప్పుడలా కాదు. నేను గొడుగు అంటే ఎడమ చేత్తో గొడుగు బొమ్మ మీద వేలు పెడుతోంది. దువ్వెన అంటే దువ్వెన మీద. నిన్న పదికి ఏడు వచ్చాయి. నేను మా బళ్ళో ఎప్పుడూ పదికి ఏడు తెచ్చుకున్న పాపాన పోలేదు.

ఇదంతా మందుల కొట్టాయన చలవ. ఒక చిన్న పెట్టె ఇచ్చాడు. సబ్బుబిళ్ళ పెట్టెంత ఉంటుంది. చెవులకు తగిలిస్తే సన్నగా హోరుమంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పెట్టాలి. ఆ హోరుకు మెదడులో మూసుకుపోయిన దారులు తెరుచుకుంటాయట. ఊరికే చెప్పడం లేదు, పరిశోధన జరిగింది. ఆ పరిశోధన పత్రం కూడా ఇచ్చాడు, పెద్ద పత్రికలో అచ్చయింది. పత్రిక పేరులోనే ప్రపంచం అని ఉంది. చివర రెండు పేజీల నిండా ఇంకా ఎన్ని పుస్తకాల పేర్లో. పద్నాలుగు మందికి ఈ పెట్టె పెడితే పదముగ్గురికి మాటలు అర్థమయ్యాయట. మీ అమ్మ పదిహేనో మనిషి అన్నమాట.

ఫోన్ చేసి చెబుదామని చెయ్యి లాగింది. కానీ ఫోన్లో నీ గొంతు వినిపిస్తే అమ్మ దాన్ని వెనక్కి తిప్పి నీకోసం వెతికి ఏడుస్తుంది, నీకు తెలిసిందే. రెండు గదుల ఇంట్లో ఎక్కడికి పోయి మాట్లాడను? ఉత్తరమే మేలు.

ఇక అసలు సంగతి. పెద్దాసుపత్రి మాటల డాక్టరమ్మ ఒక కేంద్రంలో అమ్మకు చోటు ఇప్పిస్తానంది. మాట పోయినవాళ్ళకు మాట నేర్పే చోటు. మూడు నెలలు అక్కడే ఉండాలి. నేను సాయంత్రాలు మాత్రం వెళ్ళి చూడొచ్చు. వచ్చే నెలాఖరులోగా ఒప్పుకోకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఇంట్లోనే బాగవుతున్న మనిషిని మూడు నెలలు పరాయి మంచం మీద పడుకోబెట్టడం ఎందుకు చెప్పు? అయినా నా మాట మీద కాదు. నువ్వు చదివేదే ఇది కదా, ఏ పరిశోధన మంచిదో ఏది కాదో తేల్చే విద్య. పత్రం ఇందులో పెట్టి పంపుతున్నాను. చదివి సరే అని ముద్ర వేయి. డాక్టరమ్మకు మర్యాదగా వద్దని చెప్పేస్తాను.

వేళకు తిను. ఇక్కడ నేను కూడా తింటున్నాను. నాలుగు నెలల తర్వాత నిన్న కూరలో ఉప్పు ఎక్కువైందని తెలిసింది.

నాన్న


హాస్టల్, రెండో అంతస్తు

నాన్నా,

ఉత్తరం, పత్రం అందాయి. కూర్చునే చదివాను.

నువ్వు తింటున్నావంటే మంచిదే.

ఇక్కడ ఈ నెలంతా మాకు ఒకే పని. అచ్చయినదాన్ని ఎలా చదవాలో నేర్పుతున్నారు. నేర్పేది లైబ్రరీ మేడమ్. ఆవిడ పత్రం చేతికి ఇచ్చి మొదటి పేజీలో ఉన్న సారాంశం మీద అరచెయ్యి పెట్టి మూసేస్తుంది. వాళ్ళు ఏం తేల్చామంటున్నారో తర్వాత చూడండి, ఎలా తేల్చారో ముందు చూడండి అంటుంది. ఎవరు రాశారు, ఎవరు అచ్చువేశారు, అచ్చువేసే ముందు ఆ పని తెలిసిన వేరేవాళ్ళు చదివి తప్పులు పట్టారా, ఇది నిజమైతే ఎవరికి లాభం. ఇవి అడుగుతూ పోవాలి. మొదట్లో అందరం విసుక్కున్నాం. ఇప్పుడు అలవాటైంది. మెస్ గోడ మీద అంటించిన కాగితాన్ని కూడా అలాగే చదువుతున్నాను.

నువ్వు పంపిన పత్రం చూస్తున్నాను. ఒక్కదాన్ని చూడాలంటే దానితోపాటు చాలా చూడాలి. ఈలోగా కొన్ని అడగాలి. అమ్మకు పరీక్ష పెట్టేది ఎవరు? మార్కులు వేసేది ఎవరు? పెట్టె పెట్టని రోజున ఎప్పుడైనా పరీక్ష పెట్టావా?

కేంద్రానికి ఇప్పుడే ఏమీ చెప్పకు.

ఇక్కడ అంతా మామూలే. క్లాసుకు వెళ్తున్నాను, వస్తున్నాను. నిద్ర పడుతోంది. నా గురించి ఆలోచించకు.

అమ్మకు చెప్పు, నేను బాగున్నానని. అర్థమవుతుందేమో చూడు.

నీ కూతురు


ఇల్లు, ముందు గది

అమ్మడూ,

నీ ఉత్తరం పోస్టుమాస్టరు రాసినట్టుంది. అందింది, చూస్తున్నాను, మామూలే. పాపం చదువు భారం అని సరిపెట్టుకున్నాను.

నువ్వు బాగున్నావని అమ్మకు చెప్పాను. నీ ఫోటో బొమ్మల మధ్యలో పెట్టి, మన అమ్మాయి ఏదీ అన్నాను. వేలు తిన్నగా వెళ్ళి నీ మీద ఆగింది. ఆ పూట నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు కుళాయి తిప్పి నిలబడ్డాను. నీళ్ళ కోసం కాదు.

నీ ప్రశ్నలకు జవాబులు. పరీక్ష పెట్టేది నేనే. మార్కులు వేసేదీ నేనే. ఇంకెవరున్నారు? పాత క్యాలెండర్లు, మందుల డబ్బాలు కత్తిరించి అట్టల మీద అంటించాను. గొడుగు, దువ్వెన, తాళంచెవి, చెప్పులు, గ్లాసు, దీపం. ఆరూ బల్ల మీద పరుస్తాను. ఎదురుగా కూర్చుని ఒకటి చెబుతాను. పెట్టె లేకుండా పరీక్ష మాత్రం పెట్టలేదు. నడుస్తున్న బండిని ఎవరైనా మధ్యలో ఆపి చూస్తారా? ఈ వారం పదికి తొమ్మిది. పైవాటా నర్సమ్మ మెట్లెక్కుతుంటే పిలిచి మరీ చెప్పాను. ఆవిడ, అయితే వదినగారికి మీరే డాక్టరన్నమాట, బోర్డు ఎప్పుడు పెడుతున్నారు అని ఎకసెక్కం ఆడింది. పెడతానమ్మా, నీకు సగం ఫీజే అన్నాను.

లైబ్రరీ మేడమ్ అడగమన్నవి కూడా అడిగాను, మందుల కొట్టుకే వెళ్ళి. రాసిన డాక్టరు ఎవరండీ అంటే ఫోటో చూపించాడు. తెల్ల గడ్డం, కళ్ళజోడు, వెనకాల బీరువా నిండా పుస్తకాలు. ఆ మొహంలో అబద్ధం లేదు. ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి, టికెట్ లేనివాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదా?

ఇల్లు మారిపోయింది అమ్మడూ. ఇంతకుముందు పొద్దున లేవగానే ఈ రోజు ఎలా గడుస్తుందా అనుకునేవాణ్ణి. ఇప్పుడు నిద్రలేచేది పరీక్ష కోసం. అమ్మ కూడా ఆ వేళకు తయారుగా కూర్చుని నావైపే చూస్తుంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నా వంక ఇంతసేపు చూసిన గుర్తు లేదు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఇద్దరికీ ఓపిక ఉండేది కాదు కదా. జబ్బు చేస్తే చేసింది గానీ మా ఆవిడ నాకు దొరికింది అనిపిస్తోంది. ఇలా అనుకోవడం తప్పేమో. నీ దగ్గర కాక ఎవరి దగ్గర అంటాను?

ముద్ర తొందరగా వేయి.

నాన్న


హాస్టల్

నాన్నా,

ఆలస్యమైంది. అంతర్గత పరీక్షలు.

పత్రం గురించి ఇంకా రాయలేను. ఒకటి మాత్రం చెబుతాను. జబ్బు చేసిన మొదటి నెలల్లో కొంతమందికి ఏ వైద్యం లేకపోయినా కొంత తిరిగి వస్తుంది. అందుకే పెట్టె పెట్టినవాళ్ళ పక్కన పెట్టనివాళ్ళను కూడా ఉంచి చూడాలి. ఆ పత్రంలో పెట్టనివాళ్ళు లేరు.

దీంతో అంతా తేలిపోయిందని అనుకోకు. అడిగావు కాబట్టి రాశాను.

డాక్టరు ఫోటో చూసి తేల్చకూడదు.

అమ్మ నా ఫోటో మీద వేలు పెట్టిందని రాసింది చదివాను. ఆ పేజీ చాలాసేపు చేతిలోనే ఉంది. ఏమీ అనిపించలేదు. ఈ మధ్య ఏదీ అనిపించడం లేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక మన బుగ్గను మనమే గిల్లుకున్నట్టు ఉంటోంది. కంగారు పడకు, తినడం, చదవడం జరుగుతున్నాయి.

కేంద్రానికి ఏమీ చెప్పకు. ఇంకొంచెం ఆగు.

నీ కూతురు


ఇల్లు

అమ్మడూ,

నెలాఖరు దగ్గరకొచ్చింది. డాక్టరమ్మ రెండుసార్లు కబురు పెట్టింది. ఇంక ఆవిడను ఆపడం బాగుండదు. ఆ మంచం కోసం ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు కదా, వాళ్ళ ఇంట్లో కూడా ఒక అమ్మ ఉంటుంది. సోమవారం వెళ్ళి మాకు వద్దని చెప్పి వస్తాను.

నువ్వు కాదనలేదు. కానిదైతే ఈపాటికి కాదనే దానివి. చిన్నప్పుడు కాకరకాయ వద్దనడానికి నీకు క్షణం పట్టేది కాదు. అందుకని ముద్ర పడిందనే లెక్క వేసుకున్నాను.

నీ ఒంట్లో ఏదీ అనిపించడం లేదని రాశావు. ఇక్కడికి వచ్చి అమ్మ ముందు కూర్చో, అన్నీ అనిపిస్తాయి. ఒక్క పరీక్ష చూశావంటే ఎగిరి గంతేస్తావు. నాకైతే కాలు నేల మీద ఆనడం లేదు. నిన్న బజారులో పాత డ్రైవరు కనిపిస్తే బండి మళ్ళీ పట్టాలెక్కిందిరా అని చెప్పాను. వాడు, మనం నడిపింది బస్సు కదా, పట్టాలెక్కడివి అన్నాడు. వాడి మొహం. నా సంతోషానికి ఏ బండి అయితేనేం.

నిన్న పదికి పది.

నాన్న


హాస్టల్, రెండో అంతస్తు

నాన్నా,

ఇది సోమవారం లోపు చేరాలని ప్రత్యేకంగా పంపుతున్నాను. వెళ్ళి వద్దని చెప్పకు.

ఆ పత్రం మంచిది కాదు. ఈ సంగతి నీ మొదటి ఉత్తరం వచ్చిన వారంలోనే నాకు తెలిసింది. రాయలేదు.

ఎందుకు మంచిది కాదో చెబుతాను. ఊరికే కాదంటే నువ్వూ ఊరికే నమ్మాలి, అది వద్దు. ఆ పత్రిక ఎవరు ఏది పంపినా వేస్తుంది. ముందుగా చదివి తప్పులు పట్టేవాళ్ళు లేరు. ఈ పత్రం పంపిన వారంలోపే అచ్చయింది. అదే సంచికలో కోళ్ళ దాణా మీద ఒకటి, వంతెనల మీద ఒకటి, పంటి నొప్పి మీద ఒకటి ఉన్నాయి. తెల్ల గడ్డం డాక్టరు ఆ పెట్టె తయారుచేసే కంపెనీలో భాగస్థుడు. అది పత్రంలో ఎక్కడా లేదు, కంపెనీ కాగితాల్లో ఉంది. చివర ఉన్న పుస్తకాల పేర్లు చూసి మురిసిపోయావు. నేను ఒక్కొక్కటే తీయించి చూశాను. సగం ఆయన రాసుకున్నవే. మిగతావాటిలో పద్ధతిగా చేసిన పరిశోధన ఒకటి ఉంది. అందులో హోరు పెట్టెకీ, హోరు లేని ఉత్త పెట్టెకీ తేడా ఏమీ కనిపించలేదని రాసి ఉంది. ఈయన దాన్నే తనకు సాక్ష్యంగా చూపించాడు. ఎవరూ తెరిచి చూడరన్న ధైర్యం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఆ పద్నాలుగు మందికి మార్కులు వేసింది వాళ్ళ ఇంట్లోవాళ్ళు. భార్యలు, భర్తలు, కొడుకులు. బాగుపడాలని కోరుకునేవాళ్ళే బాగుపడ్డారని రాశారు. అబద్ధం రాశారని కాదు. జవాబు తెలిసినవాడు పరీక్ష పెడితే ఆ జవాబు ఎలాగో ఒకలా బయటికి వస్తుంది. అందుకే మంచి పరిశోధనలో మార్కులు వేసేవాడికి ఎవరికి పెట్టె పెట్టారో చెప్పరు.

ఈ పత్రంలో తప్పులనే నేను క్లాసులో విప్పి చెప్పాను. అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. మేడమ్ అడిగింది, దీన్ని నమ్మినవాళ్ళు నీకు తెలిసినవాళ్ళలో ఎవరైనా ఉన్నారా అని. లేరని చెప్పాను. కూర్చున్నాను. పక్కనమ్మాయి చేతులు తట్టింది.

నీకు ఎందుకు రాయలేదో కూడా రాస్తాను. ఉప్పు ఎక్కువైందని తెలిసింది అని రాశావు కదా. అందుకు.

పెట్టె నీకు నచ్చితే పెట్టుకో, హోరుతో హాని లేదు. కానీ ఒక్క పరీక్ష నేను చెప్పినట్టు పెట్టించు. నర్సమ్మను పిలువు. బొమ్మల పేర్లు చీటీల మీద రాసి సంచిలో వెయ్యి. ఆవిడ అమ్మ కుర్చీ వెనక నిలబడి చీటీ తీసి చదవాలి. నువ్వు వంటింట్లో ఉండాలి. మార్కులు ఆవిడే వేయాలి. తొమ్మిది వస్తే నేను రాసింది చించి పారెయ్యి, కేంద్రానికి వద్దని చెప్పు. నేను ఇంకేమీ అనను.

ఒకటి ముందే చెబుతున్నాను. ఆరు బొమ్మల మీద కళ్ళు మూసుకుని వేలు పెట్టినా పదిలో ఒకటో రెండో కుదురుతాయి.

నీ కూతురు


ఇల్లు, ముందు గది

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఇంత చదువు చదివి నువ్వు చెప్పింది ఏమిటి, చెకింగ్. అంతే కదా? చెకింగ్ ఆయన ఏ స్టాపులో ఎక్కుతాడో తెలియదు, కండక్టరుకు ముందు చెప్పరు, వచ్చి సంచీ అడుగుతాడు. ఆ మాట మొదటే అనుంటే ఇన్ని ఉత్తరాలు ఖర్చయ్యేవి కావు. నా సర్వీసులో ఎన్ని చెకింగులు చూశాను. ఒక్కదాంట్లోనూ పైసా తేడా రాలేదు. రానీ చెకింగు.

గడ్డం ఆయన సంగతి వేరు. ఆయన దొంగ అయితే అవనీ. దొంగవాడు అమ్మిన గొడుగైనా వానకు పనిచేస్తుంది కదా. మీ అమ్మ తొమ్మిది తెస్తుంది. నర్సమ్మ డ్యూటీ నుంచి రాగానే రమ్మన్నాను. చీటీలు మడిచి కూరగాయల సంచిలో వేశాను. అమ్మకు తల దువ్వి మంచి చీర కట్టాను, పరీక్షకు వెళ్ళేవాళ్ళు ఎలా ఉండాలి మరి. ఈ ఉత్తరం సగంలో ఆపుతున్నాను. మార్కులు వేశాక మిగతాది రాస్తాను. కింద ఖాళీ వదిలాను చూడు, పెద్ద అక్షరాలతో రాద్దామని.

రెండు.

పెద్ద అక్షరాలతో రాయలేదు. క్షమించు, కాగితం ఖాళీగా ఉండిపోయింది.

నేను వంటింట్లో ఉన్నాను. ఆవిడ గొంతు వినిపిస్తోంది, తాళంచెవి, దీపం, గొడుగు. ఎంతసేపటికీ అయిపోదు. అయ్యాక బయటికి పిలిచి కాగితం చూపించింది. నేను అది లెక్క కాదన్నాను. కొత్త గొంతుకు బెదిరి ఉంటుంది, నా గొంతైతే వేరు అన్నాను. సరే మీరే చెప్పండి, కానీ కుర్చీ వెనక నుంచి అంది నర్సమ్మ. వెనక నిలబడి చెప్పాను. మెల్లగా చెప్పాను, గట్టిగా చెప్పాను. మీ అమ్మ బొమ్మల వంక చూడలేదు. మెడ తిప్పి తిప్పి నాకోసం చూసింది. నేను కనిపించకపోయేసరికి చేతికి ఏది దగ్గరుంటే దాని మీద వేలు పెట్టింది. ఒకటి వచ్చింది.

అప్పుడు నర్సమ్మ, ఇప్పుడు రోజూలాగా ఎదురుగా కూర్చుని పెట్టండి అంది. పెట్టాను. తొమ్మిది. చూశావా అన్నట్టు తిరిగాను. ఆవిడ నవ్వలేదు.

“అన్నయ్యగారూ, మీ బస్సులో ఎన్నేళ్ళు డ్యూటీకి వెళ్ళాను. చేతిలో టికెట్లు, చంకలో సంచీ, ఖాళీ సీటు ఎక్కడుందో కళ్ళతోనే చూపించేవారు. ఇప్పుడూ అదే చేస్తున్నారు. గొడుగు అనకముందే మీ చూపు గొడుగు మీద ఉంటోంది.”

నేను నమ్మలేదు. కళ్ళు మూసుకుని చెప్పమంది. మూసుకుని, దీపం అన్నాను. ఏ చప్పుడూ లేదు. ఇంకోసారి అన్నాను. అప్పుడు నా కుడి రెప్ప మీద వేలు తగిలింది. మీ అమ్మ నా రెప్ప పైకి ఎత్తబోతోంది.

అంతే అమ్మడూ. పెట్టె చెవులకు అలాగే ఉంది, హోరుమంటూ. నర్సమ్మ తీసి బల్ల మీద పెట్టి, టీ కాచి ఇచ్చి వెళ్ళింది. చప్పగా ఉందో తియ్యగా ఉందో చెప్పలేను. నువ్వు బుగ్గ గిల్లుకోవడం గురించి రాశావు చూడు, అది ఇలాగే ఉంటుందా?

సోమవారం వెళ్తాను. ఒప్పుకోవడానికే.

నాన్న


హాస్టల్

నాన్నా,

చదివాను. ఇలాగే ఉంటుంది.

పరీక్ష చెప్పినట్టే పెట్టించావు. చాలామంది పెట్టరు. ఆ గడ్డం ఆయన పెట్టలేదు.

నీకు ఊరట కలిగే మాట ఒకటి రాయాలని రెండు రోజులు చూశాను. మేడమ్ చెబుతూ ఉంటుంది, పరీక్షలో ఎంత తేలిందో అంతే రాయాలి, ఒక్క మాట ఎక్కువ వద్దు అని. తేలింది ఇది. అమ్మకు మన మాటలు అర్థం కావడం లేదు. నీ ముఖం అర్థమవుతోంది. మొదట్లో అదీ ఉండేదో లేదో మనం చూడలేదు. అంతకంటే చెప్పలేను.

మేడమ్‌కు వెళ్ళి చెప్పాను, నమ్మినవాళ్ళు ఉన్నారని, మా నాన్నేనని. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. సెలవు కాగితం మీద సంతకం చేసింది. శనివారం బయలుదేరతాను, తిన్నగా కేంద్రానికే వస్తాను.

నీ కూతురు


కేంద్రం, వసారాలో బల్ల

అమ్మడూ,

నువ్వు వచ్చేలోపు ఈ ఉత్తరం చేరదేమో. అయినా చేతికి అలవాటైపోయింది.

అమ్మను చేర్చుకున్నారు. కిటికీ పక్క మంచం. గోడలకు లేత ఆకుపచ్చ రంగు. పక్క మంచం ఆవిడ ఎప్పుడూ ఒకే పాట సగం పాడుతుంది, పాటల మాటలు మాత్రం పోలేదట. మెదడు ఏం దాచుకుంటుందో ఏం పారేస్తుందో డాక్టర్లకూ తెలియదంది మాటల డాక్టరమ్మ. తెలియదని చెప్పే డాక్టరును చూసి మొదట బెంగపడ్డాను. నువ్వు నేర్పిన లెక్కన ఆలోచిస్తే ఆవిడే నయమనిపించింది.

ఎంత బాగవుతుందని అడిగాను. కొంత రావచ్చు, రాకపోవచ్చు, మూడు నెలలు పోయాక కొలిచి చెబుతాను అంది. ఎవరు కొలుస్తారండీ అన్నాను. పాఠం చెప్పేవాళ్ళు కాకుండా వేరే ఆవిడ వచ్చి కొలుస్తుందట. సరిపోయింది అన్నాను. ఆవిడ నా వంక వింతగా చూసింది. మా అమ్మాయి చదువు అని చెప్పాను. గొప్పగానే చెప్పాను అమ్మడూ, ఆ ఒక్క విషయంలో నా గొంతు ఇంకా తగ్గలేదు.

పాఠం జరిగే గదిలోకి నన్ను రానివ్వరు. మొదటి రోజు లోపల ఒక మూల కూర్చోబెట్టారు. మీ అమ్మ పాఠం వినకుండా ప్రతి మాటకీ నావైపే తిరిగింది. దాంతో బయటికి పంపేశారు. మీ మీద కోపంతో కాదు, మీరు కనిపిస్తే ఆవిడకు మాటలతో పనిలేదు అంది డాక్టరమ్మ. అందుకని ఈ బల్ల మీద కూర్చుంటున్నాను. సాయంత్రాలే రమ్మన్నారు గానీ పొద్దున్నే వచ్చేస్తున్నాను. నన్ను ఎవరూ పొమ్మనలేదు. తలుపు అవతల ఎవరిదో మాట వినిపిస్తుంది, తర్వాత ఏమీ వినిపించదు. ఆ ఏమీ వినిపించనప్పుడు మీ అమ్మ ఏం చేస్తోందో నాకు తెలియదు. తెలియకుండా కూర్చోవడమే ఇక్కడ నాకు ఇచ్చిన పని.

ఇప్పుడే పాఠం అయింది. తలుపు తీశారు. ఆయా మీ అమ్మను చక్రాల కుర్చీలో బయటికి తెచ్చి నా ఎదురుగా ఆపి, మంచినీళ్ళ కోసం వెళ్ళింది. మీ అమ్మ తిన్నగా నా ముఖం వంక చూసింది, అందులో ఏముందో చూద్దామని. నాకు ముఖం ఎలా పెట్టాలో తెలియలేదు. ఏం పెడితే ఏం చెప్పినట్టవుతుందో అని భయమేసి, పక్కకు తిరిగి గోడ వంక చూశాను. లేత ఆకుపచ్చ గోడ, అక్కడ ఏమీ లేదు.

కాసేపటికి తిరిగి చూస్తే, మీ అమ్మ కూడా ఆ గోడ వంకే చూస్తోంది.

నాన్న